కుట్లు విప్పాను, అమ్మ సూది పట్టడం మానేసింది

ప్రశ్న: అక్కా, మాది నాందేడ్ జిల్లా కిన్వట్. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. నాకు 36 ఏళ్లు. నాందేడ్‌లో ఉద్యోగం, శని ఆదివారాలు అమ్మ దగ్గరికి వస్తాను. అమ్మకు 64. చిన్నప్పటి నుంచి మా ఇద్దరికీ బొంతలు కుట్టడమంటే పిచ్చి. ఎండాకాలం వస్తే వసారాలో పాత చీరలు పరిచి, మూలల మీద రాళ్లు పెట్టి, చెరో వైపు కూర్చునేవాళ్లం. నాలుగేళ్ల కింద నేను వీడియోలు చూసి క్విల్టింగ్ నేర్చుకున్నాను. రోటరీ కట్టర్ (బట్టలు కోసే చక్రం బ్లేడు), మంచి మెషీన్ కొన్నాను. ముక్కలు నేను కోసి మెషీన్ మీద కలుపుతాను, పైకుట్టు అమ్మ చేత్తో వేస్తుంది.

పుణేలో ఒకావిడ మూడు క్విల్ట్‌లకు ఆర్డర్ ఇచ్చింది, ఒక్కోటి 2,500 రూపాయలు. మొదటిది అమ్మ నెల రోజుల పాటు రోజుకు మూడేసి గంటలు కుట్టింది. చూస్తే కుట్లు వంకర. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఒక వైపు నల్ల దారం బదులు ముదురు నీలం దారం. కొనేవాళ్లు ఏమంటారోనని టెన్షన్ పడి, రాత్రి ఆమె పడుకున్నాక రెండు వరసలు విప్పి నేనే కుట్టాను. పొద్దున చూసింది. ఒక్క మాట అనలేదు. అప్పటి నుంచి సూది ముట్టడం లేదు. రెండు నెలలైంది. అడిగితే "కండ్లు గుంజుతున్నయి, నువ్వే కుట్టుకో, నీకే బాగొస్తది" అంటుంది.

నిజానికి అంతకు ముందు వారమే ఆమెకు ఒక సర్‌ప్రైజ్ మొదలుపెట్టాను. నాన్న పోయి రెండేళ్లు. జిన్నింగ్ మిల్లుకు వేసుకెళ్లిన ఆయన చొక్కాలు మూడు అమ్మ పెట్టెలో ఉంటే, వాటిని కోసి ఐదంగుళాల ముక్కలు 64 చేశాను, ఆయన గుర్తుగా క్విల్ట్ కుట్టి ఇద్దామని. డబ్బా చూసి "కోసినవా" అంది, అంతే. పంచెలు రెండు ఇంకా కోయలేదు. కుట్లు విప్పడం నా తప్పేనని తెలుసు, సారీ కూడా చెప్పాను. అమ్మ మళ్లీ నా పక్కన కూర్చుని కుట్టాలంటే ఏం చేయాలి?

— కిన్వట్ నుంచి ఒక కూతురు

జవాబు: బిడ్డా, నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నేనూ విప్పిన కుట్ల దగ్గరే ఆగాను. సమాధానం సగం రాసేశాను కూడా. పెద్దవాళ్ల పనిని దొంగచాటుగా సరిదిద్దకూడదని, వెళ్లి మాట్లాడమని, ఇలాంటివే. నీకు తెలియనిది అందులో ఒక్కటీ లేదు. టీ తాగి వచ్చి మళ్లీ చదివితే చివర్లో ఒక చిన్న మాట తగిలింది. ముక్కల డబ్బా చూసి మీ అమ్మ "కోసినవా" అంది. నువ్వు "అంతే" అని రాసి పంచెల మీదికి వెళ్లిపోయావు.

నాకు తోచింది చెబుతాను. మీ అమ్మను నేను చూడలేదు కాబట్టి నా లెక్క తప్పినా తప్పవచ్చు. కుట్లు విప్పినందుకు ఆమె మనసు నొచ్చుకునే ఉంటుంది. కానీ ఊహ తెలిసినప్పటి నుంచి చేస్తున్న పనిని రెండు వరసల కోసం రెండు నెలలు ఎవరూ మానుకోరు. నువ్వు చిన్నప్పుడు వేసిన గజిబిజి కుట్లు ఆమె ఎన్ని విప్పి ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకో. కుట్టేవాళ్లకు విప్పడం కొత్త కాదు. కోయడం వేరే సంగతి.

నువ్వు బొంతలు కుడుతూ క్విల్ట్‌కు వచ్చావు కాబట్టి రెండూ ఒకటే అనుకుంటున్నావు. చూడ్డానికి ఒకటే. ఒకదాని మీద ఒకటి పొరలు, వాటిని కదలకుండా పట్టుకునే కుట్టు. మొదలుపెట్టే తీరు మాత్రం వేరు. క్విల్ట్ కత్తెరతో మొదలవుతుంది. బట్టను కొలిచి, ముక్కలు కోసి, అంచుకు పావు అంగుళం వదిలి కలిపి, దాని కింద దూది పొర, ఆ కింద అడుగు బట్ట పెట్టి కుడతారు. మన బొంత పరచడంతో మొదలవుతుంది. చీరను చీరలాగే మడతపెట్టి ఒకదాని మీద ఒకటి వేస్తాం, చిరుగు ఉన్నచోట ఒక పేలిక అతుకుతాం. కుట్టడం అయిపోయాక కూడా కొంగు ఎటుందో, అంచు ఎక్కడ తిరిగిందో చేత్తో తడిమి చెప్పవచ్చు. మా ధర్మాబాద్‌లో మా చిన్నమ్మ ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషికీ తన బొంత చూపించి, "నా లగ్గం చీర మూడో పొరల ఉన్నది" అనేది. పైకి కనిపించేది ఎవరిదో పాత ఛాపా (అచ్చు) చీర. అయినా ఆమె చూపించేది లోపలి చీరనే, చూసేవాళ్లూ "మంచిగున్నది" అనేవాళ్లు. మాకు అప్పుడు నవ్వొచ్చేది.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పత్రికలవాళ్లు రేపో మాపో పడిపోయే సంకీర్ణ ప్రభుత్వాన్ని అతుకుల బొంత అని రాస్తారు. వాళ్లెవరూ బొంత ఉతికి ఉండరు. తడిసిన బొంతను ఒక్క మనిషి లేపలేదు. ఇద్దరు చెరో కొస పట్టుకుని మెలితిప్పి పిండాలి. అంత పిండినా మా ఇంట్లో ఒక్క అతుకు ఊడగా నేను చూడలేదు.

అలాంటి పనిలో చేయి తిరిగిన మనిషికి భర్త చొక్కా ఐదంగుళాల ముక్కలై ప్లాస్టిక్ డబ్బాలో కనిపించింది. నీ లెక్కలో అది గుర్తుకు మొదటి మెట్టు. ఆమె లెక్కలో రెండేళ్లు కాపాడుకున్న చొక్కా ఇక లేదు. మన ఇళ్లలో పోయినవాళ్ల బట్టలు ఉంచుకోరన్న సంగతి నీకు తెలుసు. దినాలు కాగానే ఎవరికో ఒకరికి ఇచ్చేస్తారు. మీ అమ్మ మూడు చొక్కాలు, రెండు పంచెలు పెట్టెలో దాచిందంటే ఎవరితోనో మాట పడే దాచి ఉంటుంది. రోటరీ కట్టర్ మంచి పనిముట్టు, నేనూ వాడతాను. దాంతో ఉన్న చిక్కల్లా నాలుగు మడతలను ఒక్క గీతలో కోసేయడం. కత్తెరయితే చొక్కా సగం దాకా పోయేలోపు చేయి ఒకసారైనా ఆగేది, అమ్మను అడగాలేమోనన్న ఆలోచన వచ్చేది.

నా సంగతి చెబుతాను, నీకు ధైర్యంగా ఉంటుంది. నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు దీపావళికి ఇల్లు సర్దుతూ అటక మీద ఎలుకలు కొరికిన బొంత ఒకటి కిందికి దించాను. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె అప్పుడే వీధిలో అరుస్తోంది. రెండు ప్యాంట్లు, ఆ బొంత వేసి ఒక స్టీలు గిన్నె తీసుకున్నాను. మంచి బేరం చేశానని పొంగిపోయాను. మా అత్తమ్మ సాయంత్రం వచ్చి గిన్నె చూసి, "ఎంతకు దిగింది?" అని అడిగింది. చెప్పాను. ఏమీ అనలేదు. ఆ బొంతలో ఆమె తల్లి చీర ఉందని నాకు మూడేళ్ల తర్వాత మా ఆడబిడ్డ చెప్పింది. గిన్నె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మా అత్తమ్మ బతికున్నంత కాలం అందులో ఏదీ వండలేదు, ఎవరినీ వండనివ్వలేదు. నేను మూడేళ్లు తెలియక తిరిగాను. నువ్వు రెండు నెలలకే ఉత్తరం రాశావు.

అయితే పోయినవాళ్ల బట్టలు కోయడమే పాపం అని నేను అనడం లేదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో నది వంపులో గీస్ బెండ్ అనే చిన్న ఊరుంది. మీ కిన్వట్ లాగే అదీ ఒకప్పుడు పత్తి పండించిన ఊరు. ఆ ప్రాంతాన్ని అక్కడి నల్లటి నేలను బట్టే బ్లాక్ బెల్ట్ అన్నారు. ఒకప్పుడు బానిసలుగా పత్తి తోటల్లో పనిచేసిన నల్లజాతివాళ్ల సంతతి అక్కడ ఉంటారు. ఆ ఊరి ఆడవాళ్లు చలికి తట్టుకోవడానికి పాత పని బట్టలతో కుట్టుకున్న క్విల్ట్‌లను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీసి చూపించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద స్టాంపులు వేసింది. ఆ ఊరి క్విల్ట్‌లలో ఒకటి మిస్సోరీ పెట్‌వే అనే ఆమె 1942లో కుట్టింది. భర్త జబ్బుపడి పోయాడు. ఆయన పొలానికి వేసుకెళ్లిన ప్యాంట్లు, చొక్కాలతో ఒక క్విల్ట్ చేసుకుని కప్పుకుంటానని ఆమె కూతురితో చెప్పింది. కూతురు ఆర్లోంజియాకు అప్పటికి పద్దెనిమిదో ఎంతో. ఆ బట్టలు చింపడానికి సాయం పట్టిందీ, కోసిందీ ఆ పిల్లే. ప్యాంటు కాలు కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది కదా, దాన్ని సమానమైన పట్టీలుగా ఎలా కోయాలో తల్లి పక్కనుండి చెబుతుంటే ఆమె కోసింది. పెద్దయ్యాక ఆర్లోంజియా కూడా పేరున్న క్విల్టర్ అయింది, ఈ సంగతి ఆమె చెప్పిందే.

అక్కడా కోసింది కూతురే. కాకపోతే ఏ బట్ట తీయాలో, ఎక్కడ కోయాలో తల్లి చెప్పింది. నువ్వు సర్‌ప్రైజ్ అన్నావు. పుట్టినరోజు చీరకు సర్‌ప్రైజ్ బాగుంటుంది. భర్త బట్టల విషయంలో మీ అమ్మకు దాని అవసరం లేదు.

ఇక ఏం చేయాలన్నది. నువ్వు సారీ చెప్పానని రాశావు. దేనికి చెప్పావు? కుట్లకు చెప్పి ఉంటావు. ఈసారి వెళ్లినప్పుడు, ఆమె కూరగాయలు కోస్తూనో బియ్యం ఏరుతూనో ఉన్నప్పుడు పక్కన కూర్చుని, "అమ్మా, నాన్న చొక్కాలు నిన్నడగకుండ కోసిన, తప్పయింది" అను. అక్కడితో ఆపు. "నీ కోసమే కదా" అని తోక తగిలించకు. ఏడవకు కూడా, వీలైతే. నువ్వు ఏడిస్తే ఆమె నిన్ను ఓదార్చే పనిలో పడుతుంది, విషయం పక్కకు పోతుంది. ఆమె "పోనీలే" అనవచ్చు, లేదా లేచి వంటింట్లోకి వెళ్లవచ్చు. వెంటపడకు.

ఆ పూటో మరుసటి ఆదివారమో పంచెల సంగతి ఎత్తు. వాటికి కత్తెర అక్కర్లేదు, అందుకే నాకు ఆశ. నాలుగు మీటర్ల పంచెను సగానికి మడిస్తే రెండు మీటర్ల పొడవు వస్తుంది. పన్నా (వెడల్పు) మామూలుగా 50 అంగుళాల దాకా ఉంటుంది. ఒక మనిషి కప్పుకునే బొంతకు అంతకన్నా ఏం కావాలి? రెండు పంచెలూ మడిచి ఒకదానిలో ఒకటి పెడితే నాలుగు పొరలు. దూది పొర కొనే పని లేదు, అడుగు బట్ట కొనే పని లేదు. ఎన్నో ఉతుకులు చూసిన నూలు కాబట్టి ముడుచుకోవాల్సిందంతా ఎప్పుడో ముడుచుకుంది. వసారాలో ఎప్పటిలాగే పరిచి, నాలుగు రాళ్లు తెచ్చి పెట్టి, "ఎట్ల పెడదాం?" అని అడుగు. అది ఉత్త మర్యాద ప్రశ్న కాకూడదు. నువ్వు ముందే డిజైన్ అనుకుని ఉంటే ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది. "పెట్టెల పెట్టు" అంటే మడిచి పెట్టెలో పెట్టెయ్. అప్పుడు ఇంకో ఎండాకాలం దాకా ఆ మాట ఎత్తకు.

ఆ 64 ముక్కల భవిష్యత్తు కూడా ఆమె చేతిలోనే పెట్టు. కావాలంటే కలిపే లెక్క నేను చెబుతాను. నీకు ఎలాగూ తెలుసు, కానీ ఆమెకు చెప్పేటప్పుడు ఇలా చెబితే బాగుంటుంది. ఐదంగుళాల ముక్క కుట్టుకు అటూ ఇటూ పావు అంగుళం పోతే నాలుగున్నర. ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది ముక్కలు పెడితే 36 అంగుళాల చదరం. 50 అంగుళాల పన్నా ఉన్న పంచె నడుమ దాన్ని పెడితే చుట్టూ తెలుపు మిగులుతుంది, పక్కలకు ఏడేసి అంగుళాలు, తలవైపు, కాళ్లవైపు ఇరవైకి పైగా. చొక్కాలు మధ్యలో, పంచె చుట్టూ. లేదా ఆ 36 అంగుళాలే ఒడిలో వేసుకునే చిన్న బొంత అవుతుంది. లేదా ముక్కలు కలపనే కలపకుండా పంచె మీద ఆమెకు తోచినచోట ఒక్కొక్కటి అతుకుకోవచ్చు. నాకు ఈ మూడోదే నచ్చింది. నా ఇష్టంతో పనేముంది?

పనిలో ఒకటి రెండు జాగ్రత్తలు. మిల్లుకు వేసుకునే చొక్కాలంటే టెరికాట్ (పాలిస్టర్ కలిసిన నూలు) ఉండవచ్చు. అది పైన ఉంటే ఫర్వాలేదు కానీ అంచులు దారాలు పోసుకుంటాయి, మడత కొంచెం ఎక్కువ పెట్టండి. ఇస్త్రీ పెట్టె వేడి నూలుకు పెట్టినంత పెట్టొద్దు. చొక్కాల్లో ముదురు రంగు ఏదైనా ఉంటే ఒక ముక్కను తడిపి తెల్లగుడ్డ మీద గట్టిగా రుద్ది చూడండి. పక్కనున్నది తెల్ల పంచె, రంగు దిగితే ఏడుపే. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని అందరూ అంటారు. బజారు రంగులకు అది పనిచేయగా నేను చూడలేదు, ఆ నమ్మకం మీద ఒక మంచి బొంతను గులాబీ రంగు చేసుకున్నాను. పొరలు కదలకుండా ముందు జానెడు దూరాన టాకాలు వేసుకోండి. ఇది మీ అమ్మ నీకన్నా బాగా వేస్తుంది.

వంకర కుట్ల గురించి. నీకు వీడియోల్లో అంగుళానికి ఎనిమిది, పది కుట్లు పడాలని చెప్పి ఉంటారు. అది సన్న దారంతో, పొట్టి సూదితో చేసే ఒక పద్ధతి. అదే క్విల్టింగ్‌లో లావు దారంతో పెద్ద కుట్టు వేసే పద్ధతి కూడా ఉంది. బిగ్ స్టిచ్ అని పేరు పెట్టి డబ్బులు తీసుకుని నేర్పుతున్నారు. మీ అమ్మ ఊరికే వేసేది దాదాపు అదే. కర్ణాటకలో ఎల్లాపుర, హళియాళ వైపు ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ ఆడవాళ్లు పాత బట్టలతో కవంది అనే బొంత కుడతారు. పైన ఒక మూల మొదలుపెట్టి అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ నడుమకు వస్తారు. ముక్కలు ముందు కలిపి పెట్టుకోరు, వెళ్తూ వెళ్తూ చేతికి వచ్చింది అతుకుతారు. నాలుగు మూలల్లో ముక్కోణంగా మడిచిన గుడ్డ పేలికలు పెడతారు, వాటిని ఫూల అంటారు. వాటివల్ల వెచ్చదనం వీసమంత పెరగదు. కానీ అవి లేకపోతే కవంది బట్ట కట్టుకోనట్టు ఉంటుందని వాళ్ల మాట. స్కేలు పెట్టి చూస్తే అందులో ఒక్క గీతా నిలవదు.

ఇంట్లో ఉండే బొంత మీద మీ అమ్మ కుట్టు ఎలా పడితే అలా ఉండనీ. అది ఆమె చేతిరాత అనుకో. మా నాన్న రాసిన ఉత్తరాల్లో ప్రతి వాక్యంలో ఒక తప్పుంటుంది. ఎర్ర పెన్నుతో దిద్దాలని నాకెప్పుడూ అనిపించలేదు.

అమ్ముడుపోయే వాటి సంగతి వేరు, అక్కడ నీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. డబ్బులిచ్చేవాళ్లకు సమానంగా కావాలంటే తప్పు లేదు. కానీ ఆ లెక్క ఒక్కసారి వేశావా? నెల రోజులు, రోజుకు మూడు గంటలంటే 90 గంటలు. 2,500ను 90తో భాగించు, గంటకు 28 రూపాయలు కూడా పడదు. అందులో బట్ట, దూది, దారం, పుణేకు పార్సిల్ ఖర్చు, నువ్వు మెషీన్ మీద కూర్చున్న టైం ఇంకా తీసేయలేదు. ఈ ధరకు చేతికుట్టు పెట్టుకుని, అది వంకరగా ఉందని రాత్రి కూర్చుని విప్పడం నాకైతే న్యాయంగా అనిపించలేదు. మిగిలిన రెండూ మెషీన్ కుట్టుతో నువ్వే చేసి ఇవ్వు, ఆ మాట పుణే ఆవిడకు ముందే చెప్పు. ఒప్పుకోకపోతే అడ్వాన్సు తిరిగి ఇచ్చెయ్. మొదటిదాంట్లో నువ్వు తిరిగి కుట్టిన వరసలను మళ్లీ విప్పాలా అని అడుగుతావేమో, వద్దు. నూలు బట్ట కాబట్టి పాత సూది రంధ్రాలు ఒక ఉతుకుకు చాలావరకు మూసుకుపోతాయి, కానీ ఆ బట్ట ఇప్పటికే రెండుసార్లు సూది తిన్నది.

చివరగా, నన్ను అన్నిటికన్నా తొందరపెడుతున్నది. "కండ్లు గుంజుతున్నయి" అంటే నువ్వు అలక అనుకుంటున్నావు. అలక ఉండవచ్చు, కానీ ఆ మాటను మాటగా కూడా తీసుకో. నల్ల దారానికి, ముదురు నీలం దారానికి తేడా తెలియలేదు. ఎప్పుడూ సమానంగా వేసే చేయి ఒకటి చిన్నది, ఒకటి పెద్దది వేసింది. రాత్రి బల్బు కింద ఎవరికైనా ఆ రెండు రంగులు కలిసిపోతాయి, నిజమే. కానీ 64 ఏళ్ల మనిషి విషయంలో నేను ముందు కంటి శుక్లాన్ని (కాటరాక్ట్) అనుమానిస్తాను. కంటిలోని కటకం పసుపుపచ్చగా, మసకగా మారితే నీలం రంగులు నల్లబడి కనిపిస్తాయి, దీపం వెలుగు చెదిరినట్టు ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి మెల్లమెల్లగా వచ్చింది తెలియదు. "నాకే చేతకాకుండ పోతున్నది" అనుకుంటారు. అలా అనుకుంటున్న మనిషికి పొద్దున్నే లేచి చూస్తే కూతురు విప్పి కుట్టిన రెండు వరసలు కనిపించాయి.

విప్పిన కుట్ల గురించి నువ్వు బాధపడాల్సింది ఇక్కడ. సూదిలో దారం ఎక్కించమని నిన్ను పిలవడం ఎక్కువైందా, వసారా దాటి లోపల కుట్టడం మానేసిందా, టీవీ సీరియల్ చూస్తూ దగ్గరికి జరుగుతోందా, గమనించు. గమనించినా గమనించకపోయినా ఈ నెలలోనే కంటి డాక్టరుకు చూపించు. షుగర్ ఉంటే కంటి వెనక పొర కూడా చూడమను. శుక్లమే అయితే ఆపరేషన్ చిన్నది, సాధారణంగా ఆ రోజే ఇంటికి పంపిస్తారు. కాకపోతే బహుశా అద్దాలు మార్చాలి. ఆమె "నాకేం కాలేదు" అంటుంది. ఎవరి అమ్మయినా ముందు అదే అంటుంది. నువ్వు కూడా చూపించుకుంటానని చెప్పి ఇద్దరి పేర్లూ రాయించు. మెషీన్ ముందు గంటలు గంటలు కూర్చుంటున్నావు, నీకూ అవసరమే.

పోయేటప్పుడు ఆమె సూదుల డబ్బా, సగం కుట్టిన బొంత ముక్క ఒకటి సంచిలో వేసుకెళ్లు. డాక్టర్లు దగ్గరి అద్దాలను మామూలుగా పుస్తకం చదివే దూరానికి రాస్తారు. బొంత ఒళ్లో ఉంటుంది, అంతకన్నా కొంచెం దూరం. సూది పట్టుకుని, తాను ఎంత దూరంలో పెట్టుకుని కుడుతుందో డాక్టరు ముందే చూపించమను. అద్దాలు ఆ దూరానికి రాయించండి.